సముద్రం వైపు వాన

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. అరుగు మీద కుట్టుమిషను దగ్గర నాన్న, వంటింట్లో అమ్మ, నడిమి గదిలో మంచం మీద నాయనమ్మ, ఆ మంచానికీ గోడకీ మధ్య సందులో నత్త. మంచం కింద గంపలో పొదుగుతున్న కోడిపెట్టను కూడా కలిపితే ఐదుగురు. నాయనమ్మ కలిపేది. ఈ కొంపలో తన మాట చివరిదాకా కూర్చుని వినేది అదొక్కటేననీ, దాన్ని లెక్కలోంచి తీసేస్తే ఊరుకోననీ అనేది.

నత్త అంటే ఆ ఇంటి చిన్నమ్మాయి. అసలు పేరు ఒకటుంది గానీ, బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. కొత్తవాళ్ళు గడప తొక్కితే చాలు, ఉన్నచోటే ముడుచుకుపోతుందని చిన్నప్పుడు నాన్న పెట్టిన పేరది. పదో తరగతికి వచ్చినా వదల్లేదు. మేష్టారు ప్రశ్న అడిగితే, జవాబు తెలిసి కూడా తల దించుకుని బల్ల మీద గీతలు గీసే రకం. నోట్లో నాలుక లేని పిల్ల అని ఊరంతా ఒకే మాట.

ఆ రోజు ఆమె సందులోకి దూరడానికి కారణముంది. పట్నం నుంచి వాన ఆఫీసు వాళ్ళు వస్తున్నారు.

నాన్న బట్టలు కుడతాడు. పొట్ట గడిచేది దాంతోనే. అయినా ఊళ్ళో ఎవరూ ఆయన్ని దర్జీ అనరు, వాన మేస్త్రి అంటారు. ఇంటి వెనక పెరట్లో తీగె కంచె వేసిన చిన్న చదరం ఉంది. దాని మధ్యలో, పైన గరాటు, లోపల సీసా ఉన్న ఇత్తడి డబ్బా. తాత తన రోజుల్లో ఆ చదరం మేరకు నేలను ఆఫీసుకు రాసిచ్చాడు. ఇల్లూ, ఇంటి చుట్టూ నేలా వాళ్ళదే గానీ ఆ కంచె లోపల మాత్రం ఆఫీసుది. తాత పోయాక ఆ పని నాన్నకు వచ్చింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సీసాలో పడిన నీళ్ళను కొలత గ్లాసులో పోసి, గీత చూసి, ఆఫీసుకు ఫోనులో అంకె చెప్పాలి. బజారుకు వెళ్తే కొట్టువాడు వదలడు. "ఏం మేస్త్రీ, నిన్న వాన కాస్త పలచన కలిపినట్టున్నావే" అంటాడు. నాన్న నవ్వి ఊరుకుంటాడు.

నాన్న ఆ కొలత ఎన్నడూ తప్పలేదు. ఒళ్ళు కాలిపోతున్నా దుప్పటి కప్పుకుని వెళ్ళేవాడు. పెద్దకూతురు పోయిన రోజున కూడా తప్పలేదు. అమ్మ మరిచిపోనిది అదే.

అక్క పోయేనాటికి నత్త చాలా చిన్నది. మూడు రోజుల జ్వరం అన్నారు. వాళ్ళ ఊరు దీవి మీద, పెద్దాసుపత్రి నీళ్ళకు అవతలి ఒడ్డున ఉంది. ఆ మూడు రోజులూ తెరిపి లేని వాన, లాంచీ రాలేదు. తెల్లవారుతుండగా అక్క కన్ను మూసింది. వీధిలో వాళ్ళందరూ వచ్చి కూర్చున్నారు. అమ్మ అక్క కాళ్ళ దగ్గర ఉంది. ఆ సమయంలో నాన్న లేచి, గొడుగు తీసుకుని, పెరట్లోకి వెళ్ళి వచ్చాడు. తరవాత అరుగు మీద నిలబడి ఎప్పటి గొంతుతోనే ఫోనులో అంకె చెప్పాడు. ఆ అంకె అమ్మ చెవిన పడింది. ఆనాటి నుంచి ఆ ఇద్దరి మధ్యా నడిచే మాటలు ఉప్పు, దారం, నాయనమ్మ మందులు, అంతకు మించి లేవు.

అక్కది అంటూ ఆ ఇంట్లో మిగిలింది ఒక బాదం చెట్టు. పోవడానికి ముందటేడు, అలలకు కొట్టుకొచ్చిన బాదంకాయ ఒకటి ఒడ్డున దొరికితే తెచ్చింది. ఎక్కడ నాటినా లాభం లేదు, ఆ వీధి మేకలకు ఇనుము తప్ప అన్నీ అరుగుతాయి. మేకలు దూరలేని చోటు ఊరు మొత్తానికి ఒకటే. అక్క కంచె తలుపు తీసి, డబ్బాకు అవతలగా, సముద్రం వైపున గుంట తవ్వింది. నాన్న వద్దన్నాడు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన సూచనల కాగితం వంటింటి తలుపు వెనక అంటించి ఉండేది. డబ్బా చుట్టుపక్కల గోడ గానీ చెట్టు గానీ ఉంటే, దాని ఎత్తుకు రెండింతల దూరాన ఉండాలని అందులో ఉంది. ఆయన అదే చెప్పాడు. అక్క నవ్వి, "మోకాలెత్తు రానియ్యి నాన్నా, నేనే తీసి బయట నాటేస్తా" అంది.

మోకాలెత్తు వచ్చేసరికి అక్క లేదు. ఇక దాన్ని ఎవరు పీకుతారు? అది పెరిగింది. మామూలుగా పెరిగిందా అంటే, ఏపుగా, గొడుగు మీద గొడుగు పట్టినట్టు కొమ్మలు చాపి పెరిగింది. మధ్యాహ్నం పనులయ్యాక అమ్మ ఆ కంచెలోకి వెళ్ళేది. రాలిన ఎర్రటి ఆకుల్ని చీపురుతో ఊడ్చేది కాదు, వంగి ఒక్కొక్కటే ఏరేది. ఆ సమయంలో పెరటి వైపు ఎవరూ వెళ్ళకూడదని ఇంట్లో ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు. అలాగే, డబ్బాకు చెట్టు అడ్డమని కూడా అందరికీ తెలుసు. అదీ ఎవరూ అనలేదు. పాత ఇనస్పెక్టరు మంచివాడు, లాంచీ దిగకుండానే రేవులో సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయేవాడు.

ఇప్పుడు పాతాయన లేడు. అంకెలు సరిచూడటానికి కొత్తగా ఒక ఆఫీసరమ్మ వస్తున్నదని ముందురోజు ఫోను వచ్చింది.

పొద్దున్నే నాన్న ఒక వింత పని చేశాడు. కొలత అయిపోయాక డబ్బాను గుంటలోంచి ఊడదీశాడు. కడిగి, తుడిచి, కొలత గ్లాసుతో సహా గోనెసంచిలో పెట్టి అరుగు మీదికి తెచ్చాడు. నత్త ఎందుకని అడిగితే, ఆఫీసరమ్మకు చూపించొద్దా అన్నాడు. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి చూస్తోంది. ఆమె నాన్న వైపు చూడటమే నత్తకు కొత్తగా తోచింది. ఇంకా కొత్తగా, "టీ తాగి వెళ్ళండి, చల్లారిపోతుంది" అంది. వెళ్ళడానికి ఆయనకు చోటేమీ లేదు. అయినా ఆ మాట విని నాన్న తల ఊపాడు.

మధ్యాహ్నం కాకముందే ఆఫీసరమ్మ వచ్చింది. పెద్ద వయసేం కాదు. చేతిలో మడత కంప్యూటరు, చంకలో గొడుగు, కాళ్ళకు బురద. వెనకే లాంచీ సరంగు, దారి చూపే నెపంతో టీ కోసం. ఆయన నోటికి గేటు లేదు. అరుగు ఎక్కుతూనే, "ఇదిగోండమ్మా, మా వాన మేస్త్రి. ఈయన సంతకం పెడితే గానీ ఇక్కడ మబ్బు కదలదు" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వి, మెట్టు ఎక్కకముందే ఇంటి కప్పు మీదుగా కనబడుతున్న కొమ్మల్ని చూసి, చెట్టు బాగుందండీ అని, వచ్చి బెంచీ మీద కూర్చుంది. నాన్న సంచి మూతి సవరించాడు.

ఆమె కంప్యూటరు తెరిచింది. ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మలని చెప్పింది. మంచం వెనక సందులోంచి చూస్తే గుమ్మంలోంచి తెర సగమే కనిపిస్తోంది. నత్త మెడ సాగదీసింది. నీలం రంగులో సముద్రం, మధ్యలో తమ దీవి, అరచేతిలో వేరుశెనగ గింజంత. ఆమె మీట నొక్కుతుంటే గంటగంటకూ వాన ఎక్కడ పడిందో రంగు మారుతోంది. తెల్లవారుజామున దీవి చుట్టూ నీళ్ళ మీద పసుపుపచ్చ రంగు. మధ్యాహ్నం దాటేసరికి ఆ పసుపు చెరిగిపోయి, దీవి నడుమ కొండ మీద ఎరుపు పొంగింది.

"లోపలెవరో ఉన్నారే" అంది ఆఫీసరమ్మ.

నాయనమ్మ వెనక్కి చెయ్యి చాపి నత్త జడ పట్టుకుని ముందుకు లాగింది. "పోవే, నిన్నేం కొరుక్కుతినరు" అంది.

కొరుక్కు తినలేదు. ఆమె పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చింది. పొద్దున్నే వాన ఎక్కువగా ఎక్కడ పడుతుందో చెప్పగలవా అని అడిగింది. బడిలో అడిగినట్టు, తప్పు పట్టుకోవడానికి అడిగినట్టు లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు ఉంది. నత్త కాలి బొటనవేలిని చూస్తూ, సముద్రం మీద అంది. వలలకు వెళ్ళినవాళ్ళు తెల్లారి తడిసి ముద్దయి వస్తారనీ, అప్పటికి తమ పెరడు పొడిగానే ఉంటుందనీ అంది. ఇంత పొడుగు మాట ఆమె నోట విన్న సరంగు గ్లాసు కిందపెట్టాడు.

ఆఫీసరమ్మకు అది ఎంత నచ్చిందో. ఎందుకలా అవుతుందో చేతులు తిప్పుతూ చెప్పింది. పగలు నేల వేడెక్కుతుంది. సముద్రం గాలి అన్ని వైపుల నుంచీ దీవి మీదికి వచ్చి కొండ దగ్గర కలుసుకుంటుంది. వెళ్ళడానికి చోటు లేక పైకి లేస్తుంది, మబ్బవుతుంది, సాయంత్రం లోపు కుమ్మేస్తుంది. రాత్రికి నేల చల్లబడితే గాలి అటు తిరుగుతుంది, కొండ నుంచి సముద్రానికి. అప్పుడు వాన నీళ్ళ మీద. నత్త వింటోంది. ఇన్నేళ్ళూ కళ్ళతో చూసిన దానికి కారణం ఉందని, అది ఇంత అందంగా ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. చెవులు వేడెక్కాయి. ఇంకా అడగాలనిపించింది.

ఆ మాటల్లో ఉండగానే కొండ నల్లబడింది, గాలి తిరిగింది, వాన మొదలైంది. చూరు నీళ్ళు తాళ్ళలా దిగుతున్నాయి. సరంగు, లాంచీ ఇప్పట్లో కదలదని తేల్చి ఇంకో టీ అడిగాడు.

అప్పుడు ఆఫీసరమ్మ గొంతు మార్చి నాన్నతో మాట్లాడింది. పైనుంచి కనబడేది మబ్బేననీ, కింద ఎంత పడిందో ఉపగ్రహం అంచనా కడుతుందనీ, ఆ అంచనా సరో కాదో డబ్బాల వాళ్ళే చెప్పాలనీ అంది. దీవికి ఈ వైపున ఉన్న డబ్బా ఇదొక్కటే. ఇక్కడి పొద్దుటి అంకెలు ఉపగ్రహం అంకెలతో ముచ్చటగా కలుస్తున్నాయి. సాయంత్రం అంకెలే కలవడం లేదు. ఉండాల్సినదానికన్నా తక్కువ. అదీ ఏటికేడూ ఇంకా తక్కువ.

"మా వాళ్ళు ఒక మాట అంటున్నారు. నాకు నోరు రావడం లేదు" అందామె.

"చెప్పండమ్మా."

"సాయంత్రాలు మీరు కొలవకుండానే ఏదో ఒకటి చెప్పేస్తున్నారని. నేను నమ్మలేదు. అందుకే వచ్చాను. సముద్రం వైపు ఏమైనా అడ్డం ఉందా? గోడ గానీ, మరేదైనా గానీ?"

"ఏమీ లేదు" అన్నాడు నాన్న.

నత్త తలెత్తి చూసింది. నాన్న ఆమె వైపు చూడలేదు. కుట్టుమిషను చక్రం మీద చెయ్యి వేసుకుని, ఎవరిదో చొక్కా కొలతలు చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళన్నది నిజమే. సాయంత్రాలు పని మీద ఉంటాను. లేవడానికి బద్ధకం. ఆకాశం చూసి ఒక అంకె చెప్పేస్తుంటాను. చాలా ఏళ్ళుగా అంతే. డబ్బా ఊడదీసి సంచిలో పెట్టాను, తీసుకువెళ్ళండి. ఆ చదరం నేల మాకు తిరిగి రాసిచ్చేస్తే సరిపోతుంది.

ఆఫీసరమ్మ ముఖం పాలిపోయింది. తనకే ఏదో అవమానం జరిగినట్టు కంప్యూటరు మూత మెల్లగా దించింది. సరంగు మాత్రం ఊరుకోలేకపోయాడు. "హారి నీ, మేస్త్రీ. ఇన్నాళ్ళూ మాకు కాకిలెక్కలా చెప్పింది? రేవులో నీ అంకె విని లాంచీ తీసేవాణ్ణి కదయ్యా నేను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ ఆ నవ్వు సాయంత్రానికల్లా రేవు చేరుతుంది, రేపటికి బజారు చేరుతుంది. అది అందరికీ తెలుసు.

నత్త అమ్మ వైపు చూసింది. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. నాన్ననే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. కళ్ళు మాత్రం నిండి ఉన్నాయి. అమ్మ సిగ్గుతో చచ్చిపోతోందని నత్త అనుకుంది. ఆ పిల్ల చేసిన పొరపాటు అక్కడే ఉంది.

సాయంత్రాలు డబ్బా దగ్గర గొడుగు పట్టుకునేది తనే. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, గ్లాసును కంటికి సరిగ్గా ఎదురుగా పట్టుకుని, నీటి అంచు గీతకు పైనా కిందా అని తనను కూడా చూడమనేవాడు. ఇద్దరి మాటా కలిస్తేనే లేచేవాడు. ఆ మనిషి బద్ధకంతో అబద్ధం చెప్పాడని రాసుకుని ఈ ఆఫీసరమ్మ వెళ్ళిపోతుంది. అంతకన్నా కూడా, ఆ క్షణంలో నత్తకు ఇంకొకటి అర్థమైంది. పొద్దుటి వాన కొండ వైపు నుంచి వస్తుంది, ఆ వైపు చెట్టు లేదు. సాయంత్రం వాన సముద్రం వైపు నుంచి ఏటవాలుగా వస్తుంది, చెట్టు ఆ వైపే ఉంది. అందుకే పొద్దుటి అంకెలు కలుస్తున్నాయి, సాయంత్రానివి కలవడం లేదు. చెట్టు పెరిగిన కొద్దీ అంకె తరిగింది. లెక్క కుదిరింది. తెలిసిందన్న సంతోషం, నాన్న మీద ప్రేమ రెండూ కలిసి గొంతులోకి వచ్చాయి. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

"నాన్న కొలిచాడండీ" అంది నత్త. "రోజూ కొలిచాడు. నేనే గొడుగు పట్టాను. అక్కడ చెట్టుంది. సముద్రం వైపు."

"ఒసేయ్, లోపలికి పో" అన్నాడు నాన్న. ఆయన ఆమెను ఒసేయ్ అనడం అదే మొదలు.

ఆఫీసరమ్మ అప్పటికే లేచింది. ఎక్కడ అని అడిగింది. నత్త ముందు నడిచింది. నడిమి గది దాటి, వంటిల్లు దాటి, వెనక తలుపు దగ్గరికి. అమ్మ పక్కకు తప్పుకోలేదు. నత్త ఆమె భుజం పక్కనుంచి చెయ్యి చాపి గడియ తీయాల్సి వచ్చింది.

తలుపు తెరుచుకుంది. వాన జల్లు ముఖాన కొట్టింది. కంచె, కంచెలోపల డబ్బా ఊడదీసిన గుంట, దాని మీదికి చాచిన బాదం కొమ్మలు. సముద్రం గాలికి వాన వాలుగా వస్తూ ఆ ఆకుల మీద పడి అవతలికే కారిపోతోంది. గుంట పక్క నేల అంతగా తడవనే లేదు. చిన్నపిల్లవాడికి చూపించినా అర్థమవుతుంది. ఆఫీసరమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"ఎందుకు చెప్పలేదండీ?" అని వెనక్కి తిరిగి అడిగింది. నాన్న తల ఎత్తలేదు. ఎవరినైనా కాపాడుకోవడానికి మనిషి ఒప్పుకున్న నేరంలా ఉందని ఆమెకూ తోచినట్టుంది, ఇంకోసారి అడగలేదు. జవాబు మంచం మీద నుంచి వచ్చింది.

"అది మా పెద్దపిల్ల నాటిందమ్మా. పిల్ల లేదు" అంది నాయనమ్మ. ఆ పైన, ఎవరితోనూ కాదు, కోడిపెట్టతో చెబుతున్నట్టు, "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి ఎరుక" అంది.

ఆఫీసరమ్మ చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే బాగుండేదని తరవాత నత్తకు అనిపించింది. ఆమె వంటింట్లోనే పీట మీద కూర్చుండిపోయింది. అమ్మతో మాట్లాడబోయి మానేసింది. చివరికి నాన్నతో, ఈ డబ్బా తీయడానికి లేదని చెప్పింది. తాతల నాటి నుంచి ఒకేచోట కొలిచిన వాన, ఈ వైపు మొత్తానికి మరొకటి లేదు. చోటు మార్చినా ఆ వరస తెగిపోతుంది. చెట్టు వల్ల ఏటేటా ఎంత తగ్గిందో లెక్క కట్టుకుని పాత అంకెలన్నీ సరిచేసుకోవచ్చు. ఆయన మీద ఏ మచ్చా ఉండదు, ఆఫీసులో తనే నిలబడి చెబుతుంది.

"చెట్టు?" అన్నాడు నాన్న.

"ఆ నేల ఆఫీసుదండీ." ఆమె నేల వైపే చూస్తూ అంది. "నేను చూడకపోయి ఉంటే వేరే సంగతి. ఇప్పుడు చూశాను కదా. చూసి రాయకుండా ఎలా ఉండను?"

కొన్ని కొమ్మలు కొట్టేస్తే చాలదా అని నాన్న అడిగాడు. అడగడం కాదు, బతిమాలాడు. ఆయన ఎవరినైనా బతిమాలడం నత్త ఎన్నడూ చూడలేదు. ఆఫీసరమ్మ తల అడ్డంగా ఊపింది. కొట్టిన కొమ్మ మళ్ళీ పెరుగుతుంది, ప్రతి ఏడూ లెక్క మారిపోతుంది. మొదలంటా తీయాలి. వానలు తగ్గగానే రంపం మనుషుల్ని పంపుతామంది. కాయలుంటే ఏరి వేరే చోట నాటుకోమంది. ఆ మాట అన్నాక తనకే బాగోలేదనిపించిందేమో, పైట సరిచేసుకుంది.

వాన తెరిపిచ్చాక ఆమె బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ నత్త తల మీద చెయ్యి వేసి, ఇంత చక్కగా గమనించే పిల్ల తమ ఆఫీసుకు కావాలనీ, బాగా చదువుకోమనీ చెప్పింది. ఇంకో రోజైతే ఆ మాటను నత్త వారం రోజులు నమిలేది. సరంగు నాన్న దగ్గర ఆగి, తప్పయిపోయింది మేస్త్రీ, నా నోరు పాడుగానూ అని భుజం తట్టాడు. నాన్న ఆయన్ని సాగనంపడానికి మెట్టు దిగలేదు.

వాళ్ళు మలుపు తిరిగాక నాన్న గోనెసంచి భుజాన వేసుకుని పెరటి వైపు వెళ్ళాడు. డబ్బాను మళ్ళీ గుంటలో పెట్టాలి. ఆఫీసరమ్మ వెళ్తూ మరీ మరీ చెప్పింది, ఒక్క పూట కూడా తప్పొద్దని. గొడుగు పట్టుకుని నత్త వెంట వెళ్ళబోయింది. ఆయన వెనక్కి తిరగకుండానే, అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆమె గొడుగు మూలన పెట్టి నిలబడింది. తను మంచే చేసింది. ఎవరినడిగినా అదే చెబుతారు. నాన్న పేరు నిలబడింది. మరి ఇంట్లో మనిషి పోయినట్టు ఎందుకుంది? నాయనమ్మ దగ్గరికి వెళ్తే, ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదు, కళ్ళు తెరిచే ఉన్నాయి.

అమ్మ తన గదిలో ఉంది. అది ఒకప్పుడు అక్కా నత్తా పడుకునే గది. అక్క పోయాక అమ్మ అందులోకి మారింది. తలుపు ఓరగా వేసి ఉంది. అమ్మ మంచం పట్టె మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఏడవడం లేదు. ఏడిస్తే నత్త వెళ్ళి పక్కన కూర్చునేది.

"అమ్మా" అని గుమ్మంలోంచే పిలిచింది. "నాన్నను దొంగ అనుకుని వెళ్ళిపోయేదమ్మా ఆవిడ."

అమ్మ తల ఎత్తింది. కోపం ఉంటుందేమోనని నత్త కాచుకుంది. లేదు. చాలా అలసిన మనిషి ముఖం అది.

"అనుకోనిద్దాం అనుకున్నాం" అంది అమ్మ.

నత్తకు మొదట అర్థం కాలేదు.

"నిన్న ఫోనొచ్చాక మీ నాన్న వచ్చి ఇక్కడ, ఈ గుమ్మంలోనే నిలబడ్డాడు. వాన కొలవడం మానేస్తాను, చెట్టు ఉండనిద్దాం, నీకు సమ్మతమేనా అని అడిగాడు." అమ్మ గొంతు ఎక్కడా వణకలేదు. "నేనేం చెప్పాలి? ఇన్నేళ్ళ నుంచి ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టుంది నాకు. అక్కడే కూర్చుని ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. మీ అక్క గురించి. అది పోయాక దాని పేరు ఎత్తుకుని మాట్లాడుకోవడం అదే మొదటిసారి."

నత్త గుమ్మం చట్రాన్ని పట్టుకుంది. పొద్దున అమ్మ నాన్నకు టీ తాగి వెళ్ళమనడం, నాన్న మాట్లాడుతుంటే అమ్మ కళ్ళు నిండటం, అవి ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఆయన ఆ అరుగు మీద పరువు తీసి పెట్టింది అమ్మ కోసం. ఆ అమ్మ దాన్ని అందుకుంటూ ఉండగా మధ్యలో తను దూరింది.

"నాకు చెప్పలేదు కదమ్మా" అంది. ఏడుపు వచ్చేసింది. "ఒక్క మాట చెబితే నేను..."

"చెప్పాల్సింది" అంది అమ్మ. "నువ్వు నలుగురిలో నోరు తెరుస్తావని ఎవరం అనుకున్నాం?"

అది తిట్టు కాదు. తిట్టైతే పడి ఉండేది. పెరటి వైపు నుంచి నాన్న డబ్బాను నేలలోకి తట్టి కూర్చోబెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మట్టి వదులైనట్టుంది, చప్పుడు మెత్తగా ఉంది. ఇద్దరూ అది ఆగేదాకా విన్నారు.

నత్త ఒక అడుగు లోపలికి వేసింది. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుందామనుకుంది, చిన్నప్పుడు పెట్టుకున్నట్టు. అమ్మ లేచి ఎదురు వచ్చింది. దగ్గరికి తీసుకుంటుందనుకుంది. అమ్మ ఆమె చెంప మీద తడిని కొంగుతో తుడిచింది. తుడిచి, భుజం మీద చెయ్యి వేసి, నెట్టినట్టు కూడా లేకుండా, వచ్చిన అడుగు వెనక్కి వేయించింది.

"నువ్వు తప్పేం చెయ్యలేదు" అంది. "కాసేపు నన్ను దానితో ఉండనీ."

తలుపు మూసింది.